ఆరో తొమ్మిదో

సాగినాలో ఏప్రిల్ పేరుకే ఏప్రిల్.
గరాజు షట్టరు కింది సందులోంచి
కరిగిన మంచు నీళ్ళు నాలుక చాపుతున్నాయి.
అట్టముక్క పరిచి మోకాళ్ళూనాడు రొసెందో బాబాయి.
"పట్టు, మరిసెలా."

పాత హెడ్డు. పోత ఇనుము. ఇరవై కిలోలు.
పదిహేడు బోల్టులూ ఊడదీసినా
అప్పులవాడు గుమ్మం పట్టుకున్నట్టు
బ్లాకును పట్టుకుని కదలదు.
రబ్బరు సుత్తితో రెండు వేస్తే
అప్పుడు నిట్టూర్చి వదిలింది.
పచ్చటి కూలెంటు సిలిండర్లలోకి జారింది,
నా బూట్లలోకి కూడా.

కొత్తవి అల్యూమినియంవి.
ఎవరి చెమటా తగలనంత తెల్లగా ఉన్నాయి అట్టపెట్టెలో.
ఒంటిచేత్తో లేపి చూపించాను.
బాబాయి మొహం చిన్నబోయింది.
"ఇంత తేలికా? దీన్ని నమ్మడమెట్లా?"
ముప్ఫై ఏళ్ళు ఫౌండ్రీలో ఇసుక అచ్చులు పేర్చిన మనిషి.
బరువుంటేనే వస్తువు ఆయన లెక్కలో.

పాతదాన్ని బల్లమీద తిరగేశాం.
నీటిదారి లోపలి నుంచి
చిటికెడు నల్లటి ఇసుక రాలింది.
యాభై ఏళ్ళు సలసల కాగిన నీళ్ళు
కడగలేకపోయిన ఇసుక.
వేలికి అద్దుకుని నాలుక కొనకు ఆనించాడు,
కూరలో ఉప్పు చూసినట్టు.

రాకర్ల మధ్య జిడ్డు తుడిస్తే
పోత పోసిన తేదీ బయటపడింది.
సి అంటే మార్చి.
చివరి ఒకటి, డెబ్భై ఒకటి.
నడుమ అంకె ఆరో, తొమ్మిదో.
అచ్చులో తేదీ బిళ్ళ బిగించినవాడెవడో
ఎటు నిలువో తేలనంత వంకరగా బిగించాడు.

"నిద్రమొహం వెధవ" అని నవ్వాడు బాబాయి.
సగంలో ఆగిపోయింది నవ్వు.
"ఆరైతే నేనే.
తొమ్మిదైతే లాలో.
ఆ మంగళవారం బౌలింగు పందెముందని
నా షిఫ్టు వాడికి అంటగట్టాను."

లాలో మా నాన్న.
నాకు పదకొండేళ్ళప్పుడు
ఊపిరితిత్తుల నిండా ఇదే ఇసుకతో పోయాడు.

"అద్దం పెట్టి చూద్దామా?"
"అద్దంలో రెండూ తప్పే" అన్నాడు,
గాస్కెట్టు గోకే బ్లేడు నా చేతికిచ్చాడు.

మరలకు సీలెంటు పూయమని మూడుసార్లు చెప్పాడు,
ఈ బోల్టుల కొనలు నీళ్ళలో మునిగి ఉంటాయని.
నడుమ మొదలుపెట్టి బయటికి బిగించాలి,
అమ్మ టోర్టియా పిండిని మధ్య నుంచి అంచుకు ఒత్తినట్టు.
ముప్ఫై. యాభై. అరవై ఐదు.
రెంచి క్లిక్కుమన్న ప్రతిసారీ
బాబాయి తలూపాడు,
నేను కాదు, ఆయనే బిగిస్తున్నట్టు.

అంతా కుదిరిందనుకున్నాక
ఏడో ప్లగ్గు ఎగ్జాస్టు గొట్టానికి తగిలింది.
కాటలాగులో ఈ ముక్క లేదు.
స్పానిష్‌లో ఆయన తిట్టిన తిట్లు
అమ్మమ్మ బతికుండగా ఆ ఇంట్లో వినబడనివి.
గొట్టం విప్పి, గుండ్రటి సుత్తితో
బొటనవేలంత సొట్ట పెట్టాం.
వాల్వుల కొనలకు నీలం మార్కరు పూసి తిప్పితే
గీత నడుమ పడకుండా అంచుకు పోయింది.
పుష్‌రాడ్లు పొట్టివి.
కొత్తవి రావడానికి పన్నెండు రోజులు.

ఈలోగా ఒక పాత హెడ్డు తుక్కు కొట్టుకు పోయింది.
తేదీ ఉన్నదాన్ని అలమారు ఎక్కించబోతే
పలక వంగింది.
నేలమీదే పెట్టాడు, వాటర్ హీటరు పక్కన,
దాటినప్పుడల్లా కాలికి కొట్టుకునే చోట.

మే రెండో ఆదివారం తాళం తిప్పాను.
రెండుసార్లు దగ్గి అందుకుంది ఇంజను.
షట్టరు రేకు వణికింది, పక్కింటి కుక్క మొరిగింది.
ఆ మోతలో ఎక్కడో ఒక వాల్వు
టక్ టక్ మంటోంది.

"ఇనుమైతే అరవదు" అన్నాడు.
"రేపు సరిచేద్దాం" అన్నాను.
అన్నానే గాని ఇంజను ఆపలేదు.
ఒకే గుడ్డకు చేతులు తుడుచుకుంటూ
ఇద్దరం వింటూ నిలబడ్డాం.