బ్రాడీపేట, నాలుగో లైను

రాత్రి పదిన్నర.
చంటిది పడుకుంది. గిన్నెలు బోర్లించాను.
మిరప గోడౌన్లో లెక్కలు రాసొచ్చిన మనిషి
నిద్రలోనే ఓ తుమ్ము తుమ్మి అటు తిరిగాడు.
ఇక ఈ గంటన్నర నాది.

పెళ్లికి ముందు జీతంతో కొన్న లాప్‌టాప్.
ఒక కీ ఊడింది, ఆ గుంటలో వేలు పెట్టి దూకుతాను.
మైకు తియ్యను. అందుకని జట్టులో ముగ్గురూ
నన్ను "అన్నా" అంటారు.
ఏలూరు కుర్రాడొకడు, తాడికొండ వాడొకడు,
మూడోవాడు ఏ ఊరో చెప్పడు, వాడి మాటల వెనక మాత్రం
ఎప్పుడూ రైళ్లు పోతుంటాయి.

పింగు ముప్పై ఎనిమిది. నలభై ఒకటి. ముప్పై తొమ్మిది.
ఆరువందల పన్నెండు.

మెట్ల కింద నక్కి ఉన్నాననే అనుకుంటాను.
ఎదుటివాడి తెర మీద
అరసెకను కిందటే చచ్చిపోయాను.
నా చావుకబురు అందరికన్నా చివర నాకే అందుతుంది.
"అన్నా, నీ నెట్టు తగలెయ్య" అంటాడు ఏలూరు.

మూడుసార్లు ఫోన్ చేస్తే సుభానీ వచ్చాడు,
భుజాన తీగచుట్ట, జేబులో టెస్టరు.
"ముందు రౌటర్‌నే పలకరించక్కా.
అది ఠక్కున పలికితే తప్పు బయట వైర్లో.
నసిగిందా, తప్పు ఇంట్లో."
పలకరించాం. రెండు. మూడు. నాలుగువందలు. ఆపైన జవాబే లేదు.
"తప్పు ఇంట్లోనే ఉందక్కా" అన్నాడు, పైకే.
వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.
మా అత్తగారు రెండ్రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

రౌటరు హాల్లో, ఇనప బీరువా వెనక,
దుమ్ము పడకుండా ఆవిడ అల్లిన లేసు ముసుగులో,
దసరాకి పెట్టిన కుంకుమబొట్టు చెరక్కుండా
కొత్తకోడల్లా మూల కూర్చుని ఉంది.
"ఆడ కూర్చోబెడితే దాని మాట ఎట్టా వినపడద్దక్కా?"
ముసుగు తీశాం.
బీరువా జరగదు; నైరుతి దాని సొంతం.

ఆరో చానెల్ అరుగు మీద
లైనులో ఇళ్లన్నీ ఎక్కి కూర్చున్నాయి:
ట్యూషన్ మాస్టారు, హోమియో డాక్టరు,
'పాస్‌వర్డ్ అడగొద్దు' అని పేరు పెట్టుకున్న ఎదురిల్లు.
అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరిది ఎవరికి వినపడుతుంది?
పదకొండుకి మారాను. వారం బాగుంది.
ఎనిమిదోనాడు హోమియో డాక్టరూ పదకొండుకొచ్చాడు.

చివరికి సుభానీ చెప్పిందే చేశాను.
"గాల్ని నమ్మమాకక్కా. తీగ లాగు."
పదిహేను మీటర్లు, పసుప్పచ్చది,
హాల్లోంచి వెంటిలేటర్లో దూరి, వంటింటి గుమ్మం పైనుంచి
పడగ్గది దాకా. మేకులు నేనే కొట్టాను.
తెల్లారేసరికి దాని మీద
చంటిదాని జుబ్బాలు రెండు ఆరుతున్నాయి.
"దండెం ఖాళీగానే ఉందిగా" అన్నారు అత్తగారు.
ఆరనీ.
తడిబట్టలు మోస్తూనే నా మాటా మోస్తోంది.

ఈ రాత్రి పింగు ముప్పై ఏడు.
ముప్పై ఏడు. ముప్పై ఏడు.
వలయం పెరడంత అయింది.
మిగిలింది మేం నలుగురం, వాళ్లిద్దరు.
గడ్డివాము వెనక ఒకడి టోపీ అంచు
సరిగ్గా నా గురిలో ఉండగా
ఉయ్యాల్లోంచి ఏడుపు.

ఏ తీగా లాగలేదు, ఏ చానెలూ మార్చలేదు.
దానికీ నాకూ మధ్య ఆలస్యం సున్నా.
నేను లేచేలోపే పాలు చేపుకొచ్చాయి.
చెయ్యి మౌసు మీంచి ఎప్పుడు లేచిందో తెలీదు.

తెర మీద నా మనిషి తుపాకీ పట్టుకుని
ఉత్తినే నిలబడి ఉన్నాడు.
మంచం మీద పడేసిన హెడ్‌ఫోన్లోంచి సన్నగా ఏలూరు:
"అన్న నెట్టు మళ్లీ పోయిందిరా."
ఓ రైలు పోయేదాకా ఆగి మూడోవాడు:
"పోనీలే, వస్తాడు."

దాన్ని ఒళ్లో వేసుకుని చూస్తున్నాను.
తెర మూలన ఆకుపచ్చగా ముప్పై ఏడు.
పొద్దున్నే రాస్తాను వాళ్లకి:
సారీ తమ్ముళ్లూ, నెట్టు.