ఆటుపోట్ల పట్టీ

అద్దె ఇంటి వంటబల్ల మీద పటం పరిచాను.
ఓ మూల ఆలివ్ నూనె మరక.
మాకంటే ముందు దిగినవాళ్లెవరో
ఇక్కడే కూర్చుని
ఎటూ తేల్చుకోలేకపోయినట్టున్నారు.

ఐదు రోజులు. మేం నలుగురం.
గలీసియా తీరం మాత్రం ఒక్కటిగా లేదు:
పడమట నురగలో మునిగి తేలే కొండచరియలు,
వాటి వెనక యూకలిప్టస్ వాసనేసే మలుపులు,
దక్షిణాన, నిన్నటికీ ఇవాళ్టికీ
జరిగినట్టే కనపడే ఇసుక తిన్నెలు,
మధ్యలో ఏటిమొగ.
రోజుకు రెండుసార్లు నీరు, రెండుసార్లు బురద.

సబేలాకి అలల మీద పలక కావాలి.
పదకొండేళ్లు. సముద్రం ముఖం చూడకముందే
పరుపు మీద పడటం సాధన చేస్తోంది.
బ్రైస్‌కి దీపస్తంభాల బాట నడవాలి,
ఇరవై రెండు కిలోమీటర్లు.
"మొదటిరోజు సగమే" అంటాడు,
ఆ సగం ఎక్కడ ఆగుతుందో చెప్పడు.
నాకు గుర్రం కావాలి.
కొండల లోపలి ఊరిదాన్ని.
సముద్రమంటే ఇప్పటికీ నాకు
ముఖపరిచయం లేనివాళ్లింట్లో భోజనం.
కాస్త ఎత్తునుంచైతే చూడగలను.

"మరి మీరు?" అన్నాను అత్తగారితో.
"ఏం?"
"బయట ఏం చేస్తారు?"
బఠానీలు ఒలుస్తున్న వేళ్లు ఆగాయి.

దోసిందాకి బయటంటే
ముప్పై ఏడేళ్లు మొలలోతు చన్నీళ్లు,
ఇనప పళ్ల గొర్రు,
నిండేదాకా బరువు తెలియని బకెట్టు.
చిన్న చిప్పని తిరిగి ఇసుకలోకి,
పెద్దదాన్ని ఊళ్లో ఎవరి పళ్లెంలోకో.

సబేలా కరపత్రం చదివింది:
"ఏటిమొగలో బురద నడక, గైడుతో సహా.
తలకు ముప్పై యూరోలు. బూట్లు మేమే ఇస్తాం."
మళ్లీ చదవమంది ఆవిడ.
చదివింది.
నవ్వి, దగ్గి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వింది దోసిందా.
"ఈ నడుముకి ఎంత బాకీ ఉన్నారో
కాస్త లెక్కేయండ్రా."

మొదటిరోజు వాన. రెండోరోజు వానా, తగువూ.
గుర్రాలవాళ్లకి మంగళవారం సెలవట.
పలకల బడిలో చోటుంది, సబేలాకి జలుబుంది.
బ్రైస్ ఒక్కడే వెళ్లాడు, సగం నడిచాడు,
మిగతా సగం ఎవరిదో చేపల వ్యానెక్కి వచ్చాడు.

మూడోరోజు తెల్లవారకముందే
కొక్కేనికి ఆవిడ కోటు లేదు.
ఫ్రిజ్ మీద ఆటుపోట్ల పట్టీ,
ఆరూ నలభై కింద పెన్సిల్ గీత.

పరుగున వెళ్లాను.
నీరు వెనక్కి పోయి, నేలంతా బూడిదరంగు మెరుపు.
దూరంగా ఆడవాళ్లు వంగి గొర్రులు లాగుతున్నారు.
ఒకామె తలెత్తి
నేనెప్పుడూ వినని ముద్దుపేరుతో కేకేసింది.
అత్తగారు గడ్డం ఎగరేసి బదులిచ్చింది.
చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని నడుస్తోంది,
దుకాణంలో ఏదీ తాకొద్దని
అమ్మ చెప్పి పంపిన పిల్లలా.
చీటీ గడువు తీరి ఆరేళ్లు.
తవ్వే హక్కు లేదు.

కాలి వేళ్లకి ఏ చట్టమూ చెప్పినట్టు లేదు.
ఒకచోట ఆగింది. మడమ కొద్దిగా తిప్పింది.
"ఉంది," అంది.
పాదం తీసేసింది. ఇసుక మూసుకుంది.
నాలుగడుగులు. "ఇక్కడా."
మరో రెండు. "ఇది చిన్నది, పడుకోనీ."

బూట్లు విప్పాను.
చలి చీలమండల్ని కొరికింది.
ఎంతసేపు తొక్కినా నాకు రాళ్లే తగిలాయి.
ఒక్కసారి మాత్రం
అరికాలి కింద నున్నగా ఏదో
నన్ను పట్టించుకోకుండా కిందికి దిగిపోయింది.
అరిచాను. గొర్రులవాళ్లంతా నవ్వారు.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద పటం,
గుమ్మంలో దుప్పటి కప్పుకున్న సబేలా.
"మీరు వెళ్లినదాని పేరేంటి?
కరపత్రంలో ఉందా?"

"పేరూ లేదు, ఏం లేదు,"
అంది దోసిందా గొట్టం విప్పుతూ,
"మీ అమ్మని లోపలికి రానివ్వకు,
ముందు కాళ్లు కడుక్కోమను."