చేప తప్పిపోయిన రోజు

నా ఉద్యోగానికి మాట ఒక్కటే.
తమిళంలో తొడాదీంగ, తెలుగులో ముట్టుకోవద్దు,
దొరల భాషలో డోంట్ టచ్.
ఎగ్మూరు దాటాక ఒక పాత ఎర్రకట్టడం, మేడ మీద మూడో గది,
పందొమ్మిదేళ్ళుగా ఒక స్టూలూ, నేనూ.

వచ్చేవాళ్ళ మొహాలు నాకు గుర్తుండవు.
వేళ్ళు గుర్తుంటాయి.
ఉంగరాల వేళ్ళు, వక్క మరకల వేళ్ళు,
రంగు ఎండిందో లేదో గోటితో గీరబోయే వేళ్ళు.
బొమ్మలంటారా,
పెళ్ళిలో వంటవాడు తలంబ్రాలు చూసినట్టు చూశాను.

మొన్న శుక్రవారం పులియంతోపు కార్పొరేషన్ బడి నుంచి
నలభైమంది దిగారు. సగంమంది ఇళ్ళలో తెలుగే.
"రేయ్, గోడ మీద చెయ్యి పెట్టబాక, ఆ సారు కొడతాడు"
అని ఒకడు ఇంకొకడికి నన్ను చూపించాడు.
నేనెవర్నీ కొట్టలేదు, ఎప్పుడూ.
మా గూడూరు యాస వినబడినందుకు సంతోషించాలో
అందులో నేనున్న తీరుకి ఏడవాలో తెలియలేదు.

అంతలో తలుపు చాటునుంచి ఊడిపడింది ఒకమ్మాయి,
యాళిని అట పేరు, నాటకాల మనిషి.
దినపత్రికలు కత్తిరించి కుట్టుకున్న పొలుసులు,
నడుం నుంచి నేలంతా ఈడ్చే తోక,
నిజంగానే నీళ్ళు కారుతున్న జుట్టు.
(ఆ నేల తుడిచేది కుప్పమ్మ. ఆమె మొహం చూడాల్సింది.)

"బొమ్మలోంచి జారిపడ్డాను.
ఏ బొమ్మో మర్చిపోయాను.
ఊపిరాడట్లేదు, తొందరగా వెతకండి."
తమిళంలో అంది, వచ్చీరాని తెలుగులో అంది,
మధ్యమధ్య బుడగలు ఊదింది.
"ఒక్కటే షరతు. నీళ్ళలో ఎవరికీ చేతులుండవు."

నలభైమందీ చేతులు వెనక్కి పెట్టి వేళ్ళు ఆడించారు.
ఎనభై చేతులు, నలభై తోకలు.
నా ఒక్క మాటా నోట్లోనే ఉండిపోయింది
వక్కపలుకులా,
నమలనూ లేను, ఉమ్మనూ లేను.

ఇక చూడాలి ఆ ఈత.
కత్తిపీట ముందున్న ముసలామె బొమ్మ దగ్గర
"ఇక్కడ కాదు, ఈయమ్మ నిన్ను పులుసు పెట్టేస్తాది" అన్నారు.
తుఫాను సముద్రం ముందు ఒకడు బోర్లా పడుకున్నాడు,
అల కిందనుంచి ఎలా ఉంటుందో చూడాలట.
చదువుకున్నవాళ్ళు గడ్డం నిమిరి వెళ్ళిపోయే బొమ్మ ఒకటుంది,
ఎర్ర చుక్క, మూడు నల్లగీతలు, అంతే.
జీవరత్నం అనే బక్కోడు దాన్ని ఎగాదిగా చూసి
"ఇది మా వీధి పంపు. తెల్లారి నాలుగింటికి. నీళ్ళు రాలేదు"
అన్నాడు.
నీళ్ళు లేనిచోట చేప ఎందుకుంటుందని అందరూ ముందుకు పోయారు.
నేను మాత్రం ఆ చుక్క దగ్గరే ఆగిపోయాను.

అందరికంటే పొట్టిది, మోనిషా,
చేతుల్లేవు కదా, తలతో నా మోకాలు పొడిచింది.
"తాతా, ఇవన్నీ ఎవరి ఎత్తుకి తగిలించారు?"
జవాబు తెలీదు.
లేచి స్టూలు ఇచ్చాను.

ఎక్కలేదు అది.
నేను లేచిన చోటికేసి చూస్తూ నిలబడిపోయింది.
"దొరికింది! ఈ తాత వెనకాల!"

నా వీపూ నా తలా ఇన్నేళ్ళూ దాచిన బొమ్మ.
ఒడ్డున గంప దించుతున్న ఆడమనిషి.
గంప ఖాళీ.
అడుగున తడి మాత్రం ఉంది,
ఒక చేపంత తడి.

యాళిని గోడపక్కన చేరి ఊపిరి బిగబట్టింది.
నలభైమందీ బిగబట్టారు.
నేనూ.
కింద బస్సు హారన్ కొట్టేదాకా ఎవరూ వదల్లేదు.

సాయంత్రం సూపర్‌వైజరు వచ్చి
స్టూలు ఉండాల్సిన చోటే ఉండాలన్నాడు. పెట్టాను.
కూర్చుంటే ఇప్పుడు
వీపుకి సన్నగా చల్లదనం తగులుతోంది.
గోడ చెమ్మ, అంటుంది కుప్పమ్మ.
కావచ్చు.
మేడ మీద, ఏప్రిల్‌లో, మద్రాసులో.