ఆఖరి బస్సు దిగేవాళ్ళు

ఇరవై ఆరేళ్ళు టిక్కెట్లు కొట్టిన చేతికి
ఊళ్ళన్నీ ముందు ధరలుగానే తెలుసు.
నూజివీడుకెంత, అవనిగడ్డకెంత,
చిల్లర లేదంటే ఎవరు నవ్వుతారు, ఎవరు కసురుతారు.
ఇప్పుడు నాగూర్బీ అడుగుతోంది:
"ఇన్ని ఊళ్ళు తిరిగావు గదా సువార్తా,
మనిద్దరి ముసలితనం దించుకోడానికి
ఒక్క ఊరు చెప్పలేవా?"

ఆమెకి లిస్టుంది,
కరెంటు బిల్లు వెనకాల రాసుకుంది.
మేడమీద గది కావాలి.
సింగ్‌నగర్‌లో బుడమేరు నీళ్ళు
ఆమె బీరువాని రెండో అర దాకా చదివి వెళ్ళాయి మరి.
మెట్లు మాత్రం ఉండకూడదు.
రాత్రిపూట తలుపు తడితే
తీసే కాంపౌండరైనా ఉండాలి.
మేడకీ మెట్లకీ పొత్తు ఎలాగే అంటే
"నువ్వు ఊరు చూడు, మెట్ల సంగతి నేను చూస్తా."

నా దగ్గర లిస్టు లేదు.
ఒక్క కొలత ఉంది.
రాత్రి పదిన్నర బస్సులోంచి
ఒంటరి ఆడమనిషి దిగుతుంది.
రైట్ అని తలుపు చరిచేముందు
ఆమె కాళ్ళవంక చూసేదాన్ని.
కొన్ని ఊళ్ళలో ఆ కాళ్ళు
నేల తాకకముందే పరుగు మొదలుపెట్టేవి.
కొన్నిచోట్ల, ఫోను చెవికి ఆనించుకుని
అవతల ఎవరూ లేని కబుర్లు చెబుతూ వెళ్ళేవి.
పేర్లు చెప్పను,
ఆ ఊళ్ళవాళ్ళూ నా ప్యాసింజర్లే.

పొన్నూరులో ఒకసారి
జాకెట్లు కుట్టే మనిషి దిగింది,
మెడలో ఇంకా టేపు వేలాడుతోంది.
చెప్పులో రాయి దులుపుకుంది.
మూయబోతున్న సోడా కొట్టు ముందు నిలబడి
నిమ్మకాయ పిండి ఉప్పెయ్యమంది.
తాగింది. సీసా ఇచ్చి,
కొట్టువాడి కూతురి జ్వరం తగ్గిందా అని అడిగి,
నింపాదిగా చీకట్లోకి నడిచింది.
"నీకు నిద్రొచ్చిందా సువార్తమ్మా!" అని
డ్రైవరు హారన్ మీద హారన్.
నాలుగు నిమిషాలు లేటు.
రైల్వే గేటు అని రాశాను.

మొన్న ఇద్దరం వెళ్ళాం.
బ్రోకరు వీరరాఘవులు వీధికి రెండు కెమెరాలు చూపించాడు.
"కోడిపిల్ల కూడా పోదమ్మా ఇక్కడ."
మొదటి ఇంటాయన కెమెరాకంటే గుచ్చి చూసి
"మీరిద్దరూ ఏమవుతారు?" అన్నాడు.
నా మెడలో శిలువ, ఆమె తలమీద కొంగు.
ఏమవుతామో మేమే ఎన్నడూ అనుకోలేదు.
నా ఆపరేషను కాగితం మీద ఆమె వేలిముద్ర ఉంది,
ఆమె నీళ్ళలో ఉన్న మూడు రోజులూ
పడవవాళ్ళకి నేనే ఫోను చేశాను, అంతే.
"ఒకే సీటువాళ్ళం" అంది నాగూర్బీ.
ఆయన ఆలోచించి చెప్తానన్నాడు.
రెండో ఇల్లు ఆలోచించకుండానే చెప్పేసింది.
మూడో ఇంటావిడ బియ్యం ఏరుతూ తలెత్తి
"మెట్లెక్కగలరా?" అని మాత్రం అడిగింది.
పదిహేడు మెట్లు.
నాగూర్బీ ఏడో మెట్టుమీద కూర్చుని
"గాలి బావుందే" అంది.

సోడా కొట్టున్న చోట సెల్‌ఫోన్ల కొట్టు.
ఎనిమిదింటికే షట్టరు దించేశాడు.
కుట్టుమనిషి ఏమైందో తెలిసినవాళ్ళు లేరు.
ఎప్పటి కొలత నాది!
అయినా బెంచీమీద కూర్చున్నాం,
దోమల్ని కొట్టుకుంటూ, పదిన్నర దాకా.

బస్సు ఇరవై నిమిషాలు లేటు.
కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు, రొయ్యల బుట్టతో ఒకాయన,
చివరగా, బట్టలషాపు యూనిఫాంలో ఒకమ్మాయి.
ఫోను చెవి దగ్గరే ఉంది.
నా గుండె జారింది.

నాలుగడుగులు వేసి మమ్మల్ని చూసింది.
ఫోను సంచీలో పడేసింది.
"ఎవరికోసం పెద్దమ్మా, ఈ టైములో?"
"ఎవరికోసమూ కాదమ్మా, ఊరు చూస్తున్నాం."
"రాత్రా?" అని నవ్వి
నడిచింది.
పరుగెత్తలేదు. అంతకుమించి నాకేమీ తెలీలేదు.

తెల్లారి అడ్వాన్సు ఇచ్చేశాం.
బెజవాడ బస్సులో కిటికీ పక్కన
కళ్ళు మూసుకున్న నాగూర్బీ
మంగళగిరి దగ్గర ఉన్నట్టుండి అడిగింది,
"గోలీసోడా సీసాలు
ఇప్పుడెక్కడ దొరుకుతాయే?"