రంగమోడు

తాళ్ళరేవు అవతల, ఉప్పుటేరు పక్కన
ఎకరం ముప్పాతిక, కౌలు.
చేలో దిగిన మొదటి రోజు
చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని
ఊసేశాడు గంగులు.

అక్కడ కోరంగోడన్నారు.
ఇక్కడ రంగమోడంటున్నారు.
తాత ఓడెక్కింది ఈ రేవులోనేనని చెబితే
కరణం నవ్వి, కాయితం ఉందా అన్నాడు.

ఊడ్పులు మాత్రం చేతులకి కొత్తకాదు.
ఐరావతి నీళ్ళలో వంగిన నడుమే ఇది.
రొయ్యపొట్టు నూరి మగ్గబెట్టిన కూరకి
మొదట్లో పక్కింటోళ్ళు ముక్కు మూసుకున్నారు.
ఈమధ్య గిన్నె పంపుతున్నారు.

వంతు నీళ్ళు అర్ధరాత్రి వస్తాయి.
తూము దగ్గర లాంతరు పెట్టుకుని
నారుకట్టలు లెక్కపెడతాడు, చిన్నప్పటి లెక్క:
తిత్, నిత్, తోన్, లే...

గట్టు మీద గోనెలో పడుకున్న పిల్లాడు
ఉలిక్కిపడి లేచి కూచున్నాడు.

"నిన్ను కాదురా.
నాలుగు."