తియ్యని నంబరు

రువీలో రాత్రి రెండు.
బయట గాలికి ఇస్త్రీపెట్టె వేడి,
లోపల స్వెటర్ వేసుకుని నేను.

నా ఎదుట ఒకటి,
సలాలా చినుకుల్లో దాని జోడు.
సెకనుకోసారి అది దీన్ని అడుగుతుంది:
ఉన్నావా?
ఉన్నా.
ఉన్నావా?
ఉన్నా.
నెలకోసారి ఆ మాటను మధ్యలో తెగ్గొట్టడం నా ఉద్యోగం.
నాది కూడా కాదు, నేను రాసిన స్క్రిప్టుది.
అక్కణ్ణుంచి బద్రియా ఫోన్లో "యల్లా" అంటుంది.

తెగింది.

ఉన్నావా?

ఉన్నావా?

మూడోసారి అడిగి ఇక అడగదు. ఏడవదు కూడా.
దీని చిరునామా తన మెడలో వేసుకుని
పనిలోకి దిగుతుంది.
పదకొండు సెకన్లు.
నిజ్వాలో ఎవరో కరెంటు బిల్లు కడుతూ
గుండ్రంగా తిరిగే చుక్కను తిట్టుకుని ఉంటారు,
అంతే.

"పాస్" అని రాస్తుంటే ఫోను మోగింది.
ఆర్మూరు నుంచి లింబాద్రి.
నాకు ముందు ఈ కుర్చీ ఆయనది.
వెళ్ళిపోయి పద్నాలుగు నెలలు.

"ఏమైందిరా, సర్వర్ పడ్డదని మెసేజొచ్చె?"
టెస్టే అన్నా, పడుకో.
"పండుడేంది, మక్కచేన్ల ఉన్న. పందులొస్తున్నయ్."
వెనక రేకుడబ్బా చప్పుడు.
"ఎన్ని సెకన్లు?"
పదకొండు.
"నేనున్నప్పుడు తొమ్మిదే" అని పెట్టేశాడు.

జాబితా తెరిచాను.
మూడో వరుసలో ఆయన ఊరి నంబరు.
తీసెయ్యాలి, రూలు.
దాని పక్కన కర్సరు
ఉన్నావా, ఉన్నావా అని కొట్టుకుంటోంది.

వచ్చే నెల చూద్దాం.