కుడి భుజం మీద రెండుసార్లు

ఔలు నగరం. జనవరి. పదింటికి గాని తెల్లవారదు.
నది గడ్డకట్టి ఎంత గట్టిపడిందంటే
సైకిళ్లు దాని మీదుగానే అడ్డదారి తొక్కుతున్నాయి.
నాలుగో అంతస్తులో మీర్వా ఒక్కతే
మూడు రోజులుగా పలకని యంత్రం ముందు.

యంత్రం అంటాం గాని అది లేదు.
ఇనుము లేదు, తీగ లేదు, తిరిగే ఫ్యాను లేదు.
ఓ పెద్ద యంత్రం తన కడుపులో
లెక్కలతో అల్లుకున్న బుల్లి యంత్రం.
నీకో నెట్‌వర్క్ కార్డు ఉందని దాన్ని నమ్మించారు.
అదీ లేదు.
లేని కార్డుకి నిజం కబురొస్తే
లేని గంట ఎవరు కొట్టాలి?

"హోస్ట్ కొడుతుంది, ఇంకెవరు"
చేతి తొడుగు వెతుక్కుంటూ అన్నాడు ఎస్కో, వెళ్లిపోయాడు.

లాగ్‌లో అంతా సవ్యంగానే ఉంది.
రెండూ నలభై ఒకటికి ప్యాకెట్ వచ్చింది.
ఇంటరప్ట్ అందజేశాం, అని హోస్ట్ రాసుకుంది.
వినలేదని అతిథి ఎక్కడా రాయలేదు.
వినని వాళ్లు ఏమని రాస్తారు?
ఎవరో లేపుతారని పడుకుంది, అంతే,
ఇంకా పడుకునే ఉంది.

గంటల సంగతి మీర్వాకి కొత్త కాదు.
అమ్మ హిల్క్కాకి వినపడదు. నాన్నకీ వినపడదు.
ఆ ఇంటికి ఐదేళ్ల వయసు నుంచీ
గంట తనే.
తలుపు చప్పుడైతే బొమ్మ పడేసి పరుగు,
అమ్మ కుడి భుజం మీద రెండుసార్లు.
ఒక్కసారైతే ఆకలి.
మూడంటే పక్కింటి వాళ్లకి మన ఫోనొచ్చింది.
ఏ తట్టుకి ఏ అర్థమో ఎక్కడా రాసిపెట్టలేదు
భుజానికి తెలుసు.
విన్నానని అమ్మ గడ్డం కొంచెం దించేది.
అది చూశాకే మళ్లీ బొమ్మ.

ఎప్పుడు పడితే అప్పుడు తట్టడానికి లేదు.
సూదిలోకి దారం ఎక్కేటప్పుడు,
మే పండక్కి కాగే నూనెలో ముంక్కీలు వదిలేటప్పుడు
అమ్మ కళ్లు తిప్పకుండా ఎడమ అరచెయ్యి చూపేది.
ఉండు.
ఉండడం సగం పని.
ఎందుకు ఉన్నామో మరిచిపోకపోవడం
మిగతా సగం.

తొమ్మిదేళ్లప్పుడు మరిచిపోయింది.
తలుపు. పరుగు. అరచెయ్యి.
పళ్లెంలో వేడి ముంక్కీ, దాని మీద పంచదార.
అరచెయ్యి దిగేసరికి
మీర్వా మెట్ల కింద వేళ్లు నాక్కుంటోంది.

కెమి నుంచి రైల్లో వచ్చిన మేనమామ
నాలుగేళ్ల అలక దించుకుని వచ్చినవాడు
తలుపు సందులో చీటీ దూర్చి వెళ్లిపోయాడు:
ఎవరూ పలకలేదు.

అమ్మ కోప్పడలేదు.
పిండంటిన చేతులతోనే అడిగింది, విన్నావా అని.
తట్టానమ్మా, అన్నాయి మీర్వా చేతులు.
అబద్ధమని అప్పుడు అనిపించలేదు.
భుజం దాకా వెళ్లింది కదా.

తెల్లవారుజామున నాలుగుకి దొరికింది.
రెండు వరుసల కోడ్.
మొదటిది: కబురుందన్న గుర్తు చెరిపెయ్.
రెండోది: అతిథి చెయ్యి ఖాళీయేనా, చూడు.
అతిథి ఉండమంటే హోస్ట్ ఉంటుంది బుద్ధిగా
ఎందుకో తెలియకుండా.
ఈ రెండు వరుసలూ రాసింది ఎవరని చూస్తే
తన పేరే, ఆరేళ్ల కిందటి తేదీతో.

కిందిది పైకి, పైది కిందికి.
మళ్లీ నడిపింది. చల్లారిన కాఫీ తాగింది.
పదకొండో నిమిషంలో
అతిథి అరచెయ్యి దించింది. తట్టు పడింది.
నిద్రలోంచి లేచి కబురందుకుని
విన్నానని ఒక్క బిట్ వెనక్కి రాసింది,
గడ్డం దించినంత చిన్నగా.

అమ్మకి చెప్పాలి.
అమ్మ మణికట్టుకి ఇప్పుడో గడియారం ఉంది
సందేశమొస్తే అదే వణుకుతుంది, మీర్వాతో పని లేదు.
నాలుగున్నర. అమ్మ నిద్రలో ఉంటుంది.
ఫోను తీసింది, మళ్లీ పెట్టేసింది.
పెన్నుతో ఎడమ అరచేతిలో రాసుకుంది:
అమ్మ. మామయ్య చీటీ. తెల్లారాక.
చేతులు కడుక్కోకుండా కూర్చుంది.